రాత్రి ఎన్ని దిండ్లు?

"ఆయాసం వస్తోందా బాబాయ్?" అని అడిగితే గుండె వార్డులో చాలామంది "లేదమ్మా, బాగానే ఉంది" అంటారు. అది అబద్ధమేమీ కాదు. ఆయాసానికి భయపడి మెట్లెక్కడం ఎప్పుడో మానేసి ఉంటారు. అందుకే "రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?" అని అడుగుతాను. నిరుడు ఒకటి, ఇప్పుడు మూడు అన్నారంటే నాకు విషయం తెలిసిపోతుంది. వెల్లకిలా పడుకోగానే కాళ్లలోని నీరు రక్తంలో కలిసి పైకి వస్తుంది. పాత గుండెపోటుకు బలహీనపడ్డ గుండె దాన్ని తోయలేదు, ఊపిరితిత్తులు చెమ్మగిల్లుతాయి.

నొప్పి సంగతీ అంతే. షుగర్ ఉన్న ఒకావిడను "ఛాతీలో నొప్పి ఉందా?" అని మాత్రమే అడిగి ఊరుకున్నాను. లేదంది. చెమటలు పట్టాయా, కడుపులో తిప్పుతోందా అని అడగలేదు. ఈసీజీ ఆలస్యమైంది. ఆవిడ బతికింది కానీ ఆ గంట నన్నింకా వదల్లేదు.

ఇంటికి పంపేటప్పుడు తూకం గురించి చెబుతాం. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, రోజూ అదే మెషీన్ మీద చూసుకోవాలి. లీటరు నీరంటే కిలో బరువు. కాళ్ల వాపు కంటికి కనబడకముందే తూకం చెప్పేస్తుంది. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆగకుండా ఫోన్ చేయాలి. ఒక పెద్దమ్మకు అంకెలు రావు. మనవరాలు గోడ క్యాలెండర్ గళ్లలో రాసిపెట్టేది. దాన్ని చుట్టగా చుట్టుకుని ఓపీకి తెచ్చేది పెద్దమ్మ. కనుమ తర్వాత గళ్లలో అంకెలు ఎగబాకాయి.

"ఉప్పు ఎక్కువైందా?"

"కూరలో వెయ్యనే వెయ్యను తల్లీ."

"మరి అన్నంలోకి?"

ఆవకాయ. ఊరమిరపకాయలు. ఉప్పంటే ఆమె లెక్కలో డబ్బాలో ఉన్నదే. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదని చెంచా చూపించి చెప్పాను.

మందులు సరిగ్గా వాడుతున్నారా అంటే అందరూ తలూపుతారు. "బస్సెక్కే రోజు నీటిమాత్ర వేసుకుంటారా?" అన్నాను. పెద్దమ్మ తల దించుకుంది. రెండు గంటల ప్రయాణం, దారిలో ఆడవాళ్లు దిగడానికి చోటు లేదు. అందుకని ఓపీకి వచ్చే రోజు వేసుకోవడం లేదట. ముందురోజూ మానేసేదట, భయానికి. డాక్టరుగారినడిగి, ఓపీ రోజున మాత్రం ఇంటికెళ్లగానే వేసుకునేలా క్యాలెండర్ వెనకే రాయించి ఇచ్చాను.