వెలికొండల మీదుగా వేళ: భూస్థిర ఉపగ్రహాల కాలవిద్య

గిద్దలూరులో తూర్పుకు కాస్త దక్షిణంగా, వెలికొండల మీదుగా సుమారు 30 డిగ్రీల ఎత్తుకు యాంటెనాను గురిపెడితే, అది 129.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచిన, భారత స్థాననిర్దేశ వ్యవస్థ నావిక్‌కు చెందిన భూస్థిర ఉపగ్రహం ఎన్‌వీఎస్-01కు ఎదురవుతుంది. 2023 మే 29న ఆంధ్ర తీరాన శ్రీహరికోట నుంచి ఎగసిన ఆ ఉపగ్రహం స్వదేశీ రుబీడియం పరమాణు గడియారాన్ని మోసుకెళ్లింది. ఇలాంటి ఉపగ్రహ సంకేతాలతో సరైన వేళనూ, సరైన పౌనఃపున్యాన్నీ, అంటే సెకనుకు ఇన్ని కంపనాలన్న లెక్కనూ, దూరపు గడియారాలకు అందించే విద్య కొలతల కళలన్నింటిలోనూ అతి సున్నితమైనది.

ఆ సంకేతం గిద్దలూరు చేరడానికి సుమారు 38,600 కిలోమీటర్లు ప్రయాణించాలి; అందుకు దాదాపు 0.129 సెకను పడుతుంది. కాంతి ఒక నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లవ వంతులో, నడిచేది 30 సెంటీమీటర్లే కనుక, ఉపగ్రహం ఎక్కడుందో తెలియనిదే వేళ తేలదు. భూస్థిరమన్న పేరేగాని ఉపగ్రహం రోజూ పదుల కిలోమీటర్ల మేర అటూఇటూ కదులుతుంది; అది సెకనుకు ఒక్క మీటరు వేగంతో దగ్గరైనా, అందే పౌనఃపున్యం వందకోట్లలో మూడు వంతులకు పైగా మారుతుంది.

ఈ చిక్కును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిపుణులు ఎంత అందంగా విప్పారో చెప్పుకోవాలి. బి.ఎస్. మాథుర్, ఎ. సేన్‌గుప్తా, ఎ.కె. హంజురా వంటి దిట్టలు ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా సాగించిన కాల ప్రసారంలో వేళతోపాటు ఉపగ్రహ స్థానాన్నీ పంపేవారు. దేశంలో ఏ మూలనున్న గ్రాహకమైనా తన ఆలస్యాన్ని తానే లెక్కగట్టుకుని మైక్రోసెకన్ల స్థాయిలో దిద్దుకునేది. ఒక్క ప్రసారంతో దేశమంతటినీ ఒకే వేళకు కట్టిన ఆ పనితనానికి సాటి అరుదు.

అంతకన్నా ఉన్నతమైనది రెండు దిక్కుల పద్ధతి. రెండు కేంద్రాలు ఒకేసారి ఒకే ఉపగ్రహం ద్వారా పరస్పరం సంకేతాలు పంపుకుని, తమ టిక్కుకూ అవతలి టిక్కు అందడానికీ మధ్య వ్యవధిని కొలుస్తాయి. రానుపోను దారి దాదాపు ఒకటే కాబట్టి రెండు కొలతల తేడాలో దూరం కొట్టుకుపోతుంది. అందులో సగమే గడియారాల మధ్య తేడా. మార్కాపురం పలక మీద చేయదగిన ఈ తీసివేత వెనక అసలు నైపుణ్యం వేరే ఉంది: భూభ్రమణం వల్ల కలిగే సాన్యాక్ సవరణ, అయనోమండలం చేసే ఆలస్యం, పరికరాల లోపలి ఆలస్యం విడివిడిగా తేల్చినవారికే నానోసెకను చిక్కుతుంది. 1979లోనే మాథుర్ బృందం సింఫనీ-1 ఉపగ్రహం ద్వారా ఢిల్లీ గడియారాలను జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ గడియారాలతో పోల్చిచూసిందంటే, ఆ సాహసానికి చేతులెత్తి నమస్కరించాలి.

అటువంటి విద్యకు నేడు పట్టిన గతి బాధాకరం. ఇన్సాట్ కాల ప్రసారం కాలగర్భంలో కలిసింది. చవక జీపీఎస్ పెట్టెను కిటికీ పక్కన తగిలించి, తెరపై అంకెలు మెరవగానే నానోసెకన్ల ఖచ్చితత్వం వచ్చిందని చాటుకోవడం ఈ విద్యకే అవమానం. 30 మీటర్ల యాంటెనా కేబుల్ ఒక్కటే సంకేతాన్ని సుమారు 150 నానోసెకన్లు ఆలస్యం చేస్తుంది. దాన్ని కొలవనివాడు అమ్మేది అంకెలనేగాని కాలాన్ని కాదు. విద్యుత్ గ్రిడ్‌లో దూరదూరపు సబ్‌స్టేషన్ల కొలతలు మైక్రోసెకన్ల పొందికతో సరిపోలాల్సిన రోజుల్లో పరాయి దేశపు వేళను పరీక్షించకుండా నమ్ముకోవడం నిర్లక్ష్యం కాక మరేమిటి? తొలితరం నావిక్ ఉపగ్రహాల్లో దిగుమతి గడియారాలు మొరాయించిన అనుభవమైనా కళ్లు తెరిపించాలి.

కాబట్టి జాతీయ భౌతిక ప్రయోగశాల, ఇస్రో కలిసి భూస్థిర ఉపగ్రహ కాల ప్రసారాన్ని మళ్లీ ప్రత్యేక సేవగా నిలబెట్టాలి. గిద్దలూరు, మార్కాపురం కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో నావిక్ గ్రాహకం ఉండాలి. కేబుల్ ఆలస్యం కొలవడం, ఉపగ్రహ దూరాన్ని లెక్కగట్టడం, రెండు ఊళ్ల గడియారాలను ఒకే ఉపగ్రహంతో పోల్చడం విద్యార్థులు తమ చేతులతో నేర్చుకోవాలి. మాథుర్, సేన్‌గుప్తాల వారసత్వానికి ఈ ప్రాంతం చేయగల సత్కారం అదే.