మాంక్రిక్ అప్పగించిన రెండు పనులు

ఆన్‌లైన్‌లో వేలమంది ఒకే లోకంలో తిరుగుతూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒకే ఫిర్యాదు దగ్గరికొస్తారు: "అన్నీ ఒకటే. పది పందుల్ని చంపు, పది తోళ్ళు పట్రా." ఇది ఎంత పాత ఫిర్యాదంటే, 2006లోనే సౌత్ పార్క్ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ దీనిమీద ఓ ఎపిసోడ్ తీసింది. అందులో నలుగురు పిల్లలు వారాల తరబడి కంప్యూటర్ల ముందు కూర్చుని అడవిపందుల్ని చంపుతూనే ఉంటారు. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ నేరం మోపాల్సింది చేసిందే చెయ్యడం మీద కాదని నా వాదన.

ఆ మాటకొస్తే చేసిందే చెయ్యడం మనకి కొత్తా? బేతాళ కథల చట్రం చూడండి. ఒక భిక్షువు రాజుని ఒక పని అడుగుతాడు: శ్మశానంలో చెట్టుకి వేలాడుతున్న శవాన్ని దించి తీసుకురా. ఆటల భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా 'తెచ్చిపెట్టే' పని. రాజు వెళ్తాడు, శవాన్ని భుజాన వేసుకుంటాడు, అందులోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పుతాడు, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. మూలంలో ఇది పాతిక కథల వ్యవహారం. చందమామ దాన్ని కొత్త కొత్త కథలతో దశాబ్దాల పాటు నెలనెలా నడిపింది. మొదలూ చివరా ఎప్పుడూ దాదాపు ఒకటే. అయినా "మళ్ళీ ఆ శవమేనా" అని విసుక్కున్న పాఠకుణ్ణి నేనైతే చూడలేదు. ఎందుకంటే ప్రతిసారీ రాజు ఒక తీర్పు చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి పని మొదటికొస్తుంది. అంటే అతను మళ్ళీ చెట్టుదాకా నడవాల్సి రావడానికి కారణం అతని తెలివే. ఒకే పని పదేపదే చేయించడానికి ఇంతకంటే మంచి కారణం కనిపెట్టిన కథకుడు ఉన్నాడో లేదో!

ఇదే కొలబద్దతో ఒక ఆటని, అందులోనూ ఒక్క ఊరిని చూద్దాం. ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. 2004 నవంబర్‌లో బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసింది. ఊరు బారెన్స్ అనే మెట్టప్రాంతంలో ఉన్న క్రాస్‌రోడ్స్. ఈ ఆట ఆడనివాళ్ళకి రెండు ముక్కలు: క్వెస్ట్ అంటే ఆటలోని పాత్ర ఎవరో మనకి అప్పగించే పని. ఇవ్వడానికి పనున్న మనిషి తలమీద పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతుంటుంది. దగ్గరికెళ్ళి నొక్కితే నాలుగు వాక్యాల కథ, చెయ్యాల్సిన పని, కింద ప్రతిఫలం కనిపిస్తాయి. పని ముగించి తిరిగొస్తే అనుభవం పాయింట్లూ, కాస్త డబ్బూ, అప్పుడప్పుడూ ఓ కత్తో చొక్కానో దక్కుతాయి.

క్రాస్‌రోడ్స్‌లో సెర్‌గ్రా డార్క్‌థార్న్ అనే ఆవిడ మనల్ని నాలుగు ఝెవ్రా డెక్కలు తెమ్మంటుంది. ఝెవ్రా అంటే కొమ్మున్న జీబ్రా అనుకోండి. నాలుగు కాళ్ళ జంతువు, కావాల్సినవి నాలుగు డెక్కలు, ఒక్కదాన్ని చంపితే లెక్క సరిపోవాలి కదా? సరిపోదు. ఒకదాని దగ్గర ఒక డెక్క దొరుకుతుంది, తర్వాతి రెండింటి దగ్గరా ఏమీ దొరకదు. మన కళ్ళముందే నాలుగు కాళ్ళమీద పరిగెత్తిన జంతువు, చచ్చి పడిపోయేసరికి డెక్కలు లేనిదైపోతుంది. లోపల పాచికలు పడుతున్నాయి, అంతే. ఆటగాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే జోకు ఇది. ఆ నవ్వులోనే అసలు విమర్శ ఉంది: ఆట చెప్పే కథ ఒకటి, లోపల జరిగే లెక్క ఒకటి. రెండూ ఒకదాన్నొకటి ఎరగవు.

అదే ఊరి దగ్గర మాంక్రిక్ అనే ఓర్క్ నిలబడి ఉంటాడు. క్విల్‌బోర్ అనే పందిమొహం జాతితో జరిగిన పోరులో అతను భార్యకి దూరమయ్యాడు. మనకి రెండు పనులు అప్పగిస్తాడు. ఒకటి, పగ తీర్చడం: క్విల్‌బోర్లని చంపి 60 కోరలు తేవాలి. రెండోది, నా భార్య ఏమైందో కనుక్కో అని.

పని ఇచ్చింది ఒకే మనిషి, కారణం ఒకే దుఃఖం. కానీ ఒకటి గంటకుపైగా మనచేత అంకెలు లెక్కపెట్టించి మరుపులో కలిసిపోయింది. రెండోది ఈ ఆట ఆడినవాళ్ళ జానపదమైపోయింది. ఎందుకలా?

నేను ప్రోగ్రామర్ని. 60 కోరల పనిని చూస్తే నాకు దాని వెనక డేటాబేస్‌లో ఓ వరస కనిపిస్తుంది: ఎవరిచ్చారు, ఏం కావాలి, ఎన్ని కావాలి, ఏమిస్తాం. 60 తీసేసి 6 పెట్టినా, కోరలు తీసేసి చెవులు పెట్టినా కోడ్‌లో ఏమీ మారక్కర్లేదు. మాంక్రిక్ దుఃఖం కూడా అదే వరసలో ఒక గడిలో ఉంటుంది. ఆ గడి ఖాళీ చేసినా పని ఆగదు. తెరమీద '0/60' అని కనిపిస్తే చాలు, ఆటగాడు పని ముగించుకుని వచ్చేస్తాడు. భార్యని వెతికే పని అలా కాదు. మాంక్రిక్ మాటలు చెరిపేస్తే ఎక్కడికెళ్ళాలో, ఏం వెతకాలో తెలీదు. అప్పట్లో మ్యాప్ మీద చుక్కలేదు, బాణంగుర్తు లేదు. అతను చెప్పిన నాలుగు మాటలే ఆధారం. క్వెస్ట్‌ని అంచనా వెయ్యడానికి నేను వాడే పరీక్ష ఇదే: కథని చెరిపేశాక కూడా పని సాఫీగా సాగిపోతే, ఆ కథ అక్కడ అలంకారం మాత్రమే.

ఆ భార్య కోసం బారెన్స్ అంతా గాలించలేక జనం ఆ ప్రాంతపు చాట్‌లో అడిగేవాళ్ళు: "మాంక్రిక్ భార్య ఎక్కడ?" రోజుకి ఎన్నోసార్లు, ఎంతోమంది. కొందరు దారి చెప్పేవాళ్ళు, కొందరు బూతు జోకులేసేవాళ్ళు, కొందరు తోడొచ్చేవాళ్ళు. చివరికి దక్షిణంగా వెళ్ళే దారి పక్కన, పాడుబడ్డ గుడిసె దగ్గర, దెబ్బలు తిన్న ఓ శవం కనిపిస్తుంది. ఆ కబురు మోసుకుని తిరిగి మాంక్రిక్ దగ్గరికి నడవాలి. చంపడానికి ఎవరూ లేరు, లెక్కపెట్టడానికి ఏమీ లేదు. చెడు వార్త చెప్పడమే మిగిలిన పని.

గమనించండి, ఇదీ చేసిందే చెయ్యడమే. ఆ వైపు నుంచి ఆడిన లక్షలమంది అదే శవాన్ని కనుక్కున్నారు, అదే మనిషికి అదే కబురు చెప్పారు. కొత్త పాత్రతో మళ్ళీ మొదలెట్టినవాళ్ళు మళ్ళీ వెతికారు. కాబట్టి ఎన్నిసార్లు చేశామన్నది కొలత కాలేదు. అంతమంది అదే పని చెయ్యడం వల్లే ఆ ప్రశ్న అందరి నోటా నానింది. 2020లో వచ్చిన షాడోలాండ్స్ అనే కొనసాగింపులో కథ పరలోకానికి వెళ్తుంది. అక్కడ ఓల్‌గ్రా అనే ఓర్క్ యోధురాలు ఎదురవుతుంది. ఆవిడే మాంక్రిక్ భార్య. పదహారేళ్ళ తర్వాత ఆవిణ్ణి తీసుకొస్తే ఆటగాళ్ళు పోల్చుకుంటారని రచయితలకి నమ్మకం. ఆ 60 కోరలు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంతకీ కోరల పనులు ఎందుకు పుట్టాయో కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయమవుతుంది. వీటికంటే ముందు, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ లాంటి ఆటల్లో, పైకి ఎదగాలంటే ఒకచోట మకాం వేసి, అవే జీవాలు మళ్ళీ ఎప్పుడు పుడతాయా అని కాచుకుని, పుట్టగానే చంపుతూ గంటలు గడపాలి. వార్‌క్రాఫ్ట్ ఆ మొండి చాకిరీని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ఒక కారణమూ ఒక ముగింపూ ఇచ్చింది. ఆనాటికి అది మందే. కాకపోతే మందు చవగ్గా, తొందరగా తయారవుతుంది కాబట్టి మోతాదు పెరిగిపోయింది. క్వెస్టుల రూపకర్తల్లో ఒకడైన జెఫ్ కాప్లాన్ 2009 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఈ సంగతులన్నీ దాపరికం లేకుండా మాట్లాడాడు. ఒక్కో క్వెస్ట్ కథకి ఉన్న జాగా 511 అక్షరాలేనట. చింపేసిన పుస్తకం పేజీల్ని అడవంతా తిరిగి పోగుచేయించే తన క్వెస్ట్‌నే చెత్తకి ఉదాహరణగా చూపించాడు. జాగా తక్కువైతే కథ చెడుతుందని మాత్రం నేననుకోను. మాంక్రిక్ భార్య కథ కూడా ఆ కొద్దిపాటి జాగాలోనే ఇమిడింది.

తర్వాత వచ్చిన రూపకర్తలు ఈ రోగానికి రకరకాల చికిత్సలు చేశారు. 2008లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ కొనసాగింపు, మనం కథలో ఎంతవరకు వచ్చామో దాన్నిబట్టి మన కళ్ళకి లోకాన్నే మార్చి చూపించింది. మనం తగలబెట్టిన ఊరు మనకి తగలబడే కనిపిస్తుంది. బాగుంది, కానీ కథలో రెండు మెట్లు వెనకున్న స్నేహితుడు పక్కనే నిలబడ్డా మనకి కనబడడు. కలిసి ఆడే ఆటలో ఇది చిన్న ధర కాదు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 ఆశ్చర్యార్థకం గుర్తుల్నే చాలావరకు ఎత్తేసి, ఊళ్ళమీద దాడుల్లాంటి సంఘటనల్ని లోకంలోకి వదిలింది. మనం కాపాడకపోతే ఊరు నిజంగానే శత్రువుల చేతికి చిక్కుతుంది, దుకాణాలు మూతపడతాయి. కాపాడినా కొంతసేపటికి అదే గుంపు మళ్ళీ వస్తుంది. లోకం కదులుతోంది కానీ దానికి జ్ఞాపకం లేదు.

ఇక వార్‌క్రాఫ్ట్‌లోనే 2009 డిసెంబర్‌లో, క్వెస్ట్ కోసం ఎక్కడికెళ్ళాలో మ్యాప్ మీదే చూపించే పద్ధతి వచ్చింది. దాన్ని తిట్టడం తేలిక. కానీ జనమే అంతకుముందు థాట్‌బాట్ లాంటి సైట్లు చూసుకునేవారు, దారిచూపే యాడాన్లు పెట్టుకునేవారు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి ఓ గంట ఆడుకుందామని కూర్చున్న మనిషికి ఆ గంటంతా గుడిసె వెతకడంలోనే పోవాలనడానికి నాకు నోరు రాదు. నా అభ్యంతరం వేరే. చుక్క పెట్టాక కథ చదవాల్సిన అవసరం పోయింది, పక్కవాణ్ణి అడగాల్సిన అవసరమూ పోయింది. వెతికే పని కూడా డేటాబేస్‌లో మరో వరస అయిపోయింది.

ఇంకోవైపు, కథ ఊసే లేని చాకిరీని ఇష్టంగా చేసేవాళ్ళున్నారు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆటలో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం లాంటి ఏ విద్యలోనైనా 99వ మెట్టు చేరడానికి 1,30,34,431 అనుభవం పాయింట్లు కావాలి. 92వ మెట్టు దగ్గర ఉన్నవాడు సగం దారిలో ఉన్నాడన్నమాట. ఇది తెలిసీ జనం దిగుతారు. చెట్టు కొడుతూ పాటలు వింటారు, కబుర్లాడుకుంటారు. ఆ ఆట వాళ్ళకి అబద్ధం చెప్పదు. నువ్వు లోకాన్ని రక్షిస్తున్నావని నమ్మబలకదు, చెట్లు కొడుతున్నావనే చెప్తుంది. చేతులకి పని, మనసుకి విశ్రాంతి. విసుగు పుట్టించని పునరుక్తి ఇలా కూడా ఉండొచ్చు.

నాకు నిజంగా భయం వేసేది మూడో రకం. 2007లో వార్‌క్రాఫ్ట్‌లో రోజువారీ క్వెస్టులు వచ్చాయి. వాటిల్లో ఒకదాని పేరే 'మళ్ళీ బాంబులెయ్యి' అని. నిన్న పేల్చిన గుట్టలే ఇవాళ మళ్ళీ పేల్చాలి. ఎందుకని అడగడానికి కూడా వీల్లేకుండా పేరులోనే 'మళ్ళీ' పెట్టేశారు. నెలకింత అని చందా కట్టించుకునే ఆటకి, మనిషి రేపు కూడా రావడం అవసరం. అక్కణ్ణుంచి ఈ పద్ధతి ఎంత దూరం వచ్చిందో చూడాలంటే మన ఊళ్ళో ఏ టీకొట్టు దగ్గరైనా కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లు చూస్తే చాలు. షూటింగ్ ఆటైనా, క్రికెట్ ఆటైనా 'డైలీ మిషన్' ఉంటుంది, సీజన్ అయిపోతే పోయే బహుమతి ఉంటుంది. మా ఆఫీసులో పొద్దున్నే తెరిచే టికెట్ల జాబితాకీ దీనికీ తేడా చెప్పమంటే నేను తడుముకుంటాను. టికెట్లు మూస్తే జీతమైనా వస్తుంది. ఇక్కడ ఒక్కరోజు మానేస్తే ఏదో పోయిందన్న బెంగ మాత్రం వస్తుంది. ఆటలో పనిని హాజరుపట్టీగా మార్చేశారు.

కాబట్టి 'ఇందులో క్వెస్టులు అన్నీ ఒకేలా ఉన్నాయి' అని ఎవరైనా అంటే నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. కథ చెరిపేస్తే పని మిగులుతుందా? మళ్ళీ రావాలని నీకే అనిపిస్తోందా, రాకపోతే పోతుందని భయపెడితే వస్తున్నావా? కొత్త కత్తులు, కొత్త ఖండాలు, గొంతుతో చెప్పించిన సంభాషణలు ఈ రెండు ప్రశ్నలకీ జవాబు కావు. విక్రమార్కుడు పాతికసార్లు అదే శవాన్ని మోశాడు. ప్రతిసారీ అతని దగ్గర కోరుకున్నది ఆలోచన. మన రాత్రిళ్ళు తీసుకునే ఆటల్ని కూడా, అప్పుడప్పుడైనా, అంతమాత్రం అడగొచ్చు.