ఎవరి లెక్కలో చెత్త?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఓ గ్యాస్ ఏజెన్సీ కౌంటర్. నా ముందున్న పెద్దావిడకి ఈ-కేవైసీ చేస్తున్నారు. వేలు పెడితే ముద్ర పడదు. కొంగుకి తుడిచి పెట్టినా పడదు. "పెద్దమ్మా, గట్టిగ నొక్కు" అంటాడు కుర్రాడు. ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన వేలు, నొక్కితే మాత్రం అరిగిన గీతలు తిరిగొస్తాయా? "రేపు మళ్ల రా, లేకుంటే కనెక్షన్ ఆగిపోతది" అని పంపేశాడు. దీనికి గడువంటూ ఏమీ లేదనీ, సిలిండర్ తెచ్చే అబ్బాయే ఫోన్‌లో చేసిపెట్టొచ్చనీ 2024 జులైలో కేంద్ర పెట్రోలియం మంత్రి చెప్పిన మాట ఆ కౌంటర్ దాకా చేరినట్టు లేదు.

ఇదంతా జాబితాని శుభ్రం చేయడమట, అంటే డేటా క్లీనింగ్. ఆ మాట వినబడగానే నాకు చిర్రెత్తుతుందని ఈ కాలమ్ పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. పింఛన్ల జాబితా గురించి రాశాను, ఓటర్ల జాబితా గురించి రాశాను, గుమస్తా చేతిరాత పుస్తకమే నయమని వాదించి ఉత్తరాల్లో చీవాట్లూ తిన్నాను. పాత పాటే కదా అని పేజీ తిప్పేయకండి.

ముందు అవతలివాళ్ల వాదన న్యాయంగా చెప్పాలి. ఒకే ఇంటికి మూడు కనెక్షన్లు, ఊళ్లో లేనివాళ్ల పేరిట గ్యాస్ బుక్కులు, వాటి మీద వచ్చిన 14.2 కిలోల సబ్సిడీ బండలు టిఫిన్ సెంటర్ల వెనక తేలడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. అటు సబ్సిడీ పక్కదారి పట్టేది, ఇటు ఆ హోటలు కొనాల్సిన 19 కిలోల కమర్షియల్ సిలిండర్ అమ్ముడుపోయేది కాదు. అందుకే సబ్సిడీని ఆధార్‌కీ బ్యాంకు ఖాతాకీ ముడిపెట్టి జాబితాని వడకట్టారు. 2013 జూన్ 1న మొదలైన తొలి జిల్లాల్లో హైదరాబాద్, రంగారెడ్డి ఉన్నాయి. 2014లో కొన్నాళ్లు ఆపి, నవంబరు 15న 'పహల్' పేరుతో మళ్లీ ఎత్తుకుని, 2015 జనవరి 1 నుంచి దేశమంతా అమలు చేశారు. వేల కోట్లు మిగిలాయని చాటింపు వేశారు.

2016లో కాగ్ ఆ మూట విప్పింది. 2015 ఏప్రిల్–డిసెంబరు మధ్య సబ్సిడీ ఖర్చు, అంతకు ముందేడు అవే నెలలతో పోలిస్తే, సుమారు 23,316 కోట్లు తగ్గింది. అందులో సబ్సిడీ సిలిండర్ల వాడకం తగ్గినందువల్ల మిగిలింది దాదాపు 1,764 కోట్లు. తక్కిన 21,552 కోట్లూ ముడిచమురు ధర కూలిన పుణ్యమే. పీపా వంద డాలర్ల పైనుంచి నలభై దిగువకి జారిన రోజులవి. బజారు చేసిన మేలుని చీపురు ఖాతాలో రాసుకున్నారన్నమాట.

ఇక్కడే ముగిస్తే నాకు హాయి. కానీ శుభ్రం చేయక తప్పని డేటా కూడా ఉంటుంది. నాగోల్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. నూనె వెతికేవాళ్ల డేటా గురించి నాకు తెలిసిన కాస్తా అక్కడ పనిచేసి రిటైరైన మిత్రుడి చలవ. చేలగట్ల వెంట జియోఫోన్లు పరిచి, భూమిలో చిన్న పేలుడు జరిపి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్ని రికార్డు చేస్తారు. వాటితోపాటే గేదెల నడకా, మోటార్ల రొదా, ఆర్టీసీ బస్సూ పడతాయి. పనిచేయని జియోఫోన్ గీతలు తీసేయాలి. అన్నిటికన్నా ముందు పరుగెత్తుకొచ్చే బలమైన తరంగాలు అసలు ప్రతిధ్వనుల్ని మింగేస్తాయి కాబట్టి వాటినీ కత్తిరించాలి. ఇదంతా చేయకపోతే బావి తప్పుచోట పడుతుంది. కృష్ణా-గోదావరి లోతు సముద్రంలో ఒక్క బావి తవ్వాలంటే వందల కోట్లు. అక్కడ శుభ్రం చేయడం వేడుకకి చేసే పని కాదు.

అయితే అలా కత్తిరించి పారేసే ఆ మొదటి రాకల్లోనే ఎన్‌జీఆర్‌ఐ వాళ్లకి వేరే కథ కనిపించింది. సౌరాష్ట్రలో లావా రాయి కింద ఏముందో మామూలు పద్ధతికి సరిగా చిక్కదు. కొంత దూరం వచ్చిన మొదటి తరంగం ఉన్నట్టుండి తెగిపోయి, ఆలస్యంగా మళ్లీ కనబడితే, లావా కింద మెత్తటి అవక్షేపాలున్నాయని గుర్తు. మన తూర్పు తీరంలోనూ అంతే. నూనె కంపెనీల చూపు లోతుపొరల మీద ఉంటే, గ్యాస్ హైడ్రేట్ల (మంచులా గడ్డకట్టిన గ్యాస్) జాడ సముద్రం అడుగుకి కాస్త కిందనే, ఉన్న సీస్మిక్ రికార్డుల్ని మళ్లీ చదివినవాళ్లకి దొరికింది. 2006లో తవ్వి చూస్తే కేజీ బేసిన్‌లో ఒకచోట 128 మీటర్ల మందాన హైడ్రేట్ పొర తగిలింది. దాన్నుంచి వంటింటికి ఇంకా ఒక్క సిలిండరూ రాలేదు, నిజమే. కానీ ఒక ప్రశ్నకి అడ్డమైనది ఇంకో ప్రశ్నకి జవాబు.

ఇలా మళ్లీ చదవడం ఎలా కుదురుతుందని అడిగితే మా మిత్రుడు నవ్వాడు. పొలంలో రికార్డు చేసిన అసలు టేపుని ఎవరూ ముట్టుకోరు. కోతలన్నీ నకలు మీదే. ఏ మెట్టులో ఏది, ఎందుకు తీశారో వరసగా రాసిపెడతారు. నేను నెత్తిన పెట్టుకుని ఊరేగించిన గుమస్తా పుస్తకంలో ఇంత మర్యాద ఎక్కడుంది? పేరు మీద అడ్డగీత పడితే పడ్డట్టే.

అందుకని ఈ వారం జాబితాల్ని ముట్టుకోవద్దనడం మానుకుంటున్నాను. ఇంకాస్త బాగా శుభ్రం చేయమంటున్నాను. ఒకే మనిషికి రెండు కనెక్షన్లున్నాయా అన్నది ఒక ప్రశ్న. ఈ మనిషి వేలి గీతలు అరిగాయా అన్నది ఇంకొకటి. రెండో ప్రశ్నకి వచ్చిన జవాబుని మొదటి గడిలో వేస్తే దొంగా దొరకడు, ఖాతాదారూ మిగలడు. ముద్ర పడనివాళ్లకి వేరే గడి పెట్టండి. ఆ గడి నింపడానికి సిలిండర్ మోసే అబ్బాయి ఇంటికొచ్చి ముఖం చూసి, ఫొటో తీసి, సంతకం పెట్టించాల్సి వస్తే ఆ పనికి అతనికి విడిగా డబ్బివ్వండి. నెలనెలా డబ్బు కట్టి బండ తీసుకునే ఇంటిని పోగొట్టుకోవడం కన్నా అది కంపెనీకి చవక.