క్రిస్మస్ పాటకు నాలుగు గొంతులు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో డిసెంబరు మొదలవగానే క్రిస్మస్ పాటలు వినిపిస్తాయి. పగలు పత్తి తీతకు వెళ్లొచ్చినవాళ్లే రాత్రి అన్నాలు తిన్నాక డోలక్కు, తాళాలు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ తిరుగుతారు. పట్టణాల్లో ఇదే కాలంలో సెమీ క్రిస్మస్ పేరుతో చర్చిల్లో, కాలేజీల్లో క్వయర్ కార్యక్రమాలు జరుగుతాయి. క్వయర్‌లో పాడేవాళ్లు తమ స్నేహితులను మతంతో పని లేకుండా పిలుస్తారు.

ఈ పాటకు పునాది పడింది పందొమ్మిదో శతాబ్దంలో. అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ రోజుల్లో వచ్చిన పెద్ద కరువు వెనువెంటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీరిలో అత్యధికులు చదువుకు దూరంగా ఉంచబడిన మాదిగలు. పుస్తకం చదవలేనివారికి పాటే పాఠమైంది. అందువల్ల పాట సులువుగా నోటికి పట్టాలి, పదిమంది కలిసి పాడేలా ఉండాలి.

ఆ అవసరాన్ని తెలుగు కీర్తన చక్కగా తీర్చింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పల్లవి, చరణాలతో రాగతాళాలకు కట్టి క్రైస్తవ కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో నేటికీ పాట తలమీద రాగం, తాళం అచ్చవుతాయి. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావారు పల్లవి అందుకుంటారు. అందరిదీ ఒకే బాణీ.

పాశ్చాత్య క్వయర్ పద్ధతి వేరు. సోప్రానో, ఆల్టో ఆడవారివి. టెనర్, బేస్ మగవారివి. సోప్రానో అసలు బాణీ పాడుతుంటే మిగతా మూడూ అదే క్షణంలో వేరే స్వరాలు పలుకుతాయి. శంకరాభరణం స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో సరిపోతాయి కాబట్టి ఆ రాగంలోని కీర్తనకు నాలుగు గొంతులు అమర్చడం తేలిక. మోహనలో చిక్కు వస్తుంది. ఆ రాగంలో మధ్యమం, నిషాదం లేవు. హార్మనీ కోసం వాటిని చేర్చితే రాగం చెడుతుంది. తెలిసిన క్వయర్ మాస్టరు అక్కడ కింది గొంతులచేత షడ్జమం, పంచమం మాత్రమే నిలబెట్టించి, బాణీని పైన స్వేచ్ఛగా నడవనిస్తాడు. గమకాలనూ తగ్గిస్తాడు. ముప్పైమంది ముప్పై రకాలుగా స్వరాన్ని ఊపితే ఏదీ వినపడదు.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. పాటలో స్వరాన్ని సాగదీయడానికి ఇది పెద్ద వరం. కానీ ఇంగ్లీషు క్యారల్ బాణీలో తెలుగు మాటలు పొదిగేటప్పుడు హ్రస్వం మీద దీర్ఘస్వరం పడితే మాట కుంటుతుంది. మంచి అనువాదకుడు దీర్ఘాక్షరాన్ని సరిగ్గా సాగే స్వరం కిందకు తెస్తాడు. ఊపిరి విషయంలోనూ ఇంతే శ్రద్ధ అవసరం. పొడవైన పాదంలో పక్కపక్కనున్నవారు వేర్వేరు చోట్ల గాలి పీల్చుకునేలా పుస్తకంలో పెన్సిలు గీతలు పెట్టుకుంటారు. వినేవారికి పాదం ఎక్కడా తెగదు.

సాధనలో మొదట ఏ గొంతు పాఠం దానికే నేర్పుతారు, తర్వాతే కలుపుతారు. అన్నిటికన్నా కష్టం ఆల్టో, టెనర్‌లది. పక్కన వినిపించే బాణీ వైపు చెవి లాగుతూనే ఉంటుంది. దానికి లొంగకుండా తమ స్వరం మీద నిలబడాలి, అదే సమయంలో పక్కవారిని వింటూ శ్రుతి సరిచూసుకోవాలి. రికార్డు చేసిన ట్రాక్ పెట్టి పాడే అలవాటు పెరిగాక చాలాచోట్ల అందరూ సోప్రానో బాణీలోకే చేరిపోతున్నారు. ఇది నిజంగా నష్టం. ట్రాక్ చేసిపెట్టే సంగీతంలో ఇలా పక్కవారిని వినాల్సిన అవసరమే ఉండదు. ఒక్క హార్మోనియం శ్రుతితో క్వయర్ పాడేచోట మాత్రం బేస్ గొంతులు పల్లవి చివర షడ్జమం దగ్గరికి దిగి ఆగడం, ఆ తర్వాత మిగతా మూడూ దానిమీద వచ్చి కూర్చోవడం కొత్తగా వచ్చిన స్నేహితుడికి కూడా స్పష్టంగా వినిపిస్తాయి.