ముంబయి చీనా భోజనము: ఒక విమర్శ

ముంబయి నగరమునందలి పెద్ద హోటళ్ల చీనా భోజనశాలలను గూర్చి మన మిత్రులలో రెండభిప్రాయములు కలవు. ఆ భోజనము రుచికరమని కొందరందురు. అసలైన చీనా వంట కాదు గనుక మోసమని మరికొందరందురు. ఈ రెండవ వాదము పరిశీలింపదగినది.

మంచూరియా చీనా దేశమున ఈశాన్య ప్రాంతము. మనమెరిగిన చికెన్ మంచూరియన్ అచ్చట పుట్టినది కాదు. కలకత్తాలో జన్మించిన చీనా వంశీయుడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దానిని తాను కల్పించితినని చెప్పియున్నాడు. అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు వేయించి, గరంమసాలాకు బదులుగా సోయా సాసు చేర్చెనట.

ఇది మోసమనవచ్చునా? తరతరములుగా ఈ గడ్డపై స్థిరపడిన మన తెలుగులో మరాఠీ మాటలు చేరినవి. మన గోంగూర పచ్చడి ప్రక్కకు జొన్న భాకరీ వచ్చినది. అంతమాత్రమున మనము తెలుగువారము కాకపోలేదు. మనకు వర్తించు న్యాయమే ఆ వంటకమునకును వర్తింపవలెను.

నిజమైన లోపము వేరొకటి కలదు. 'షెజ్వాన్' అను పేరుతో వడ్డించు ఎఱ్ఱని కారములో ఎండుమిరప, వెల్లుల్లి మెండుగా నుండును. నాలుకను తిమ్మిరెక్కించు సెచ్వాన్ మిరియము మాత్రము తరచుగా నుండదు. దాని దాయాదియైన తిర్ఫళ్‌ను కొంకణ తీరమువారు చేపల కూరలలో నేటికిని వాడుచున్నారు. వీధి బండివానిని ఇందులకు నిందింపను. తెల్లని రుమాళ్లు మడిచిపెట్టి, అధిక మూల్యము గైకొను భోజనశాల మాత్రము తాను వాడు పేరునకు బాధ్యత వహింపవలెను. మంచూరియన్‌ను ముంబయి వంటకమని తన పట్టికలో వ్రాసికొనుటకు అది సిగ్గుపడనక్కరలేదు.