బొల్లారం ఇంటికి ఎన్ని వాట్లు?

బొల్లారంలో రాష్ట్రపతి నిలయం చుట్టుపక్కల కంటోన్మెంటు వీధుల్లో రాత్రి పది దాటితే రైలు చప్పుడు తప్ప పెద్దగా ఏమీ వినబడదు. పాట వినేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ట్రాఫిక్ హోరును మించి మోగించాల్సిన పని లేదు కనుక వాట్లు తక్కువైనా చాలు. కానీ ఆంప్లిఫయర్ కొనబోయేవాళ్లు దుకాణంలో మొదట అడిగేది వాట్ల గురించే.

లెక్క చూడండి. మామూలు స్పీకరు ఒక్క వాటుకు మీటరు దూరంలో 87 డెసిబెళ్లు పలుకుతుంది. మూడు మీటర్ల అవతల కుర్చీలో కూర్చుని తీరిగ్గా వినడానికి వాటులో పదోవంతు సరిపోతుంది. అయితే మృదంగం మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో సగటు కన్నా 20 డెసిబెళ్లు ఎక్కువ కావచ్చు. అంటే వంద రెట్ల పవరు, పది వాట్లు. ఆ క్షణానికి ఆంప్లిఫయర్ తడబడకూడదు. అందుకే 40, 50 వాట్లు నిక్కచ్చిగా ఇచ్చేది చాలు. 50ని 100 చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లే. ‘నిక్కచ్చిగా’ అనడానికి కారణం ఉంది. 90ల్లో పీఎంపీఓ పేరుతో డబ్బాల మీద వేల వాట్లు అచ్చేశారు. ప్లగ్గు నుంచి 30 వాట్లు లాగే పెట్టె స్పీకర్లకు వెయ్యి ఎక్కడి నుంచి తెస్తుంది? రెండు చానళ్లూ ఒకేసారి మోగుతుండగా, 8 ఓమ్‌ల దగ్గర ఎంత ఇస్తుందో అడగండి.

మన ఇళ్లలో వినేది చాలావరకు పాత పాటలు. ఘంటసాల, లీలల కాలపు సినిమా రికార్డులు దాదాపు అన్నీ మోనో. అలాంటి రికార్డులో పాటంతా సూది పక్కలకు కదిలే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ ఊగే కదలికలో ఉండేది దుమ్ము, అరుగుదల చప్పుడు. మోనో బటన్ నొక్కితే రెండు చానళ్లూ కలిసి ఆ నిలువు రొద రద్దయిపోతుంది, గొంతు నడిమధ్యకు వచ్చి నిలబడుతుంది. ఇంత మేలు చేసే బటన్‌ను కొత్త మోడళ్లలో చాలావాటి నుంచి తీసేశారు! పాతది దొరికితే వదలకండి.

ఫోనో ఇన్‌పుట్ కూడా అంతే ముఖ్యం. సీడీ ప్లేయర్ రెండు వోల్టులు పంపితే, టర్న్‌టేబుల్ సూదిని మోసే ఎంఎం కార్ట్రిడ్జ్ పంపేది ఐదు మిల్లీవోల్టులే. పైగా రికార్డు చెక్కేటప్పుడు బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు. 1954లో ఖరారైన ఆర్ఐఏఏ లెక్క ప్రకారం ఫోనో దాన్ని సరిచేస్తుంది. టర్న్‌టేబుల్‌ను ఆక్స్‌లో గుచ్చితే వచ్చేది పీలగొంతే. 78 ఆర్పీఎం పళ్లేల్లో చాలావరకు ఆ లెక్కకు ముందువి. వాటికి వెడల్పు సూది కావాలి, బాస్, ట్రెబుల్ నాబ్‌లూ కావాలి. టోన్ నాబ్ తాకడమే పాపమనే ఆడియో పండితులుంటారు. వాళ్లు అర్ధరాత్రి పక్కింటివాళ్లను లేపకుండా విన్నట్టు లేదు. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బాస్ ముందుగా మాయమవుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. లౌడ్‌నెస్ నాబ్ పుట్టింది అందుకే. 60 వాట్ల యమహా ఏ-ఎస్301లో అదుంది, ఫోనో ఉంది. 45 వాట్ల మరాంట్జ్ పీఎం6007లో కూడా ఫోనో, టోన్ నాబ్‌లు ఉన్నాయి.

ఎత్తయిన కప్పు, నున్నటి గచ్చు ఉన్న పాత బంగళాల్లో పాట గంగాళంలో మోగినట్టుంటే ఆంప్లిఫయర్‌ను తిట్టి లాభం లేదు. జంపఖానా పరవండి, పుస్తకాల బీరువా జరపండి.

దుకాణంలో గట్టిగా పెట్టి వినిపిస్తారు. బాగా తగ్గించమనండి. ఒక పక్క ముందే మూగబోతే వాల్యూమ్ కంట్రోల్ నాసిదన్నమాట. సెకండ్‌హాండ్‌దైతే నాబ్ తిప్పుతూ గరగర వస్తుందేమో వినండి. ఏప్రిల్, మే ఎండల్లో వేడెక్కే క్లాస్ ఏబీ ఆంప్లిఫయర్‌ను అద్దాల షోకేసులో బంధించకూడదు, పైన జానెడు ఖాళీ వదలాలి. క్లాస్ డీకి ఆ వేడి బాధ తక్కువ. ఇక గుయ్‌మనే రొద వస్తోందని ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. వాళ్లను ఆపి, టర్న్‌టేబుల్ వెనకాల వేలాడే సన్న తీగను ఆంప్లిఫయర్ గ్రౌండ్ స్క్రూకు బిగించారో లేదో ముందు చూడండి.