తోడుకు ఉంచిన చెంచాడు

నక్కపల్లిలో రాత్రి భోజనాలయ్యాక చాలా వంటిళ్లలో ఒక పని మానరు. గిన్నెలో పెరుగు ఎంత తక్కువున్నా సరే, అడుగున ఓ చెంచాడు అట్టేపెడతారు. గోరువెచ్చని పాలలో అది కలిపి మూతపెడితే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. అందులోంచి మళ్లీ ఓ చెంచాడు. మరిచి ఊడ్చుకు తిన్నారా, పక్కింటి గుమ్మంలో నిలబడి “వదినా, తోడుకి కాస్త పెరుగుందా?” అని అడగాల్సిందే.

మిల్లీమీటరు పొడవుండే ఓ పురుగు ఇదే పనిని తన ఒంట్లో చేస్తుంది. పేరు సీ. ఎలిగాన్స్. కుళ్లిన పండ్లలో, ఆకుల ఎరువులో బతుకుతుంది. ఒళ్లు అద్దంలా ఉంటుంది, లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది. 1960లలో శాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ దీన్ని ఏరికోరి కేంబ్రిడ్జ్ ప్రయోగశాలకు తెచ్చుకున్నారు.

గుడ్డులోంచి బయటపడే వేళకి దాని ఒక్కో పక్కన, చొక్కా పక్కకుట్టులా, తల నుంచి తోక దాకా పది మూలకణాలు వరసగా ఉంటాయి. పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. పెరిగే ఒంటికి చర్మం కావాలి. అందుకని ఈ కణాలు దశదశకీ రెండుగా చీలతాయి. మామూలుగా తలవైపు పిల్లకణం చర్మంలో కలిసిపోతుంది. తోకవైపుది మళ్లీ చీలడానికి మూలకణంగానే ఉండిపోతుంది. వాడకానికి ఒకటి, తోడుకి ఒకటి. రెండో దశలో మాత్రం కొన్ని కణాలు ఒకసారి సమంగా చీలి, రెండు పిల్లలూ మూలకణాలే అవుతాయి. అలా పది పదహారవుతాయి.

పెరుగుతో పోలిక ఇంతవరకే. చెంచాడుకీ గిన్నెడుకీ తేడా లేదు, వేరుచేసేది ఇల్లాలి చెయ్యి. కణానికి ఆ చెయ్యి లేదు. తల ఎటో తోక ఎటో వింట్ అనే సంకేతం చెబుతుంది. చీలాక పాప్-1 అనే ప్రొటీన్ తలవైపు పిల్ల కేంద్రకంలో ఎక్కువగా, రెండోదాంట్లో తక్కువగా ఉంటుంది. దాన్ని తగ్గించి చూస్తే, చర్మం కావాల్సినవి కూడా మూలకణాలుగానే మిగిలిపోయాయి.

ఈ శీర్షిక రాసే మనిషికి అన్నిటికన్నా నచ్చింది, ఈ పురుగునే చూస్తూ కూర్చున్న శాస్త్రవేత్త జాన్ సల్‌స్టన్ ఓపిక. బతికున్న పురుగులో ఒక్కో కణం చీలడాన్ని ఆయన మైక్రోస్కోపులో చూస్తూ చేత్తో గీసుకున్నారు. పిండం దశ కోసం రోజుకు రెండు పూటలు, పూటకు నాలుగు గంటలు, ఏడాదిన్నర పాటు. ఆ పిండకణాల వంశవృక్షం 1983లో అచ్చయింది. బ్రెన్నర్‌కీ ఆయనకీ, ఈ పురుగు మీదే పనిచేసిన రాబర్ట్ హార్విట్జ్‌కీ 2002లో నోబెల్ వచ్చింది.

పిల్లపురుగును చూడాల్సి వస్తే, అది పారిపోకుండా పలుచని అగర్ మీద కాస్త బ్యాక్టీరియా రాసేవారు. తిండి ఉన్నంతసేపూ అది అక్కడే మేస్తూ ఉండేది, ఆయన గీసుకుంటూ ఉండేవారు.